గుండె ఆగిందని యెవరన్నారు?

తెలుగు మాటల్లో గుండెకి వున్నంత పని మరే అవయవానికీ లేదనుకుంటాను. భయం వేస్తే గుండె గుభేలుమంటుంది. దుఃఖం ముంచుకొస్తే చెరువవుతుంది. ఆశ పోతే జారిపోతుంది. ధైర్యం కావలసి వస్తే దాన్ని చిక్కబట్టుకుంటాం, కనికరం పనికిరాదనుకుంటే రాయి చేసుకుంటాం. మొండి ఘటం యెదురైతే "గుండెలు తీసిన బంటు" అంటాం. ఇన్ని మాటలున్న మనకి, నిజంగా గుండెకి ఆపద వచ్చేసరికి మాత్రం మాటల కరువు వచ్చి పడుతుంది. పెద్దాయన ఛాతీ పట్టుకుని కూర్చున్నా "గుండెపోటు" అంటాం. పాతికేళ్ల కుర్రవాడు ఆట మధ్యలో నిలువునా కూలినా "గుండెపోటే" అంటాం. కాస్త ఆగి, "గుండె ఆగిపోయిందండీ" అంటాం. ఆ మాట అనేశాక, ఇక చెయ్యవలసింది యేమీ లేదన్నట్టు చేతులు దించేస్తాం.

తెలుగు పాఠాలు చెప్పుకు బతుకుతున్న నాకు మాట తప్పు పడితే వూరుకోబుద్ధి కాదు. మామూలుగా ఇలాంటి తప్పుకి పరీక్షలో ఒక మార్కు పోతుంది. యీ తప్పుకి మనిషే పోతాడు. అంచేత యీ వారం ఆ రెండు మాటల గురించీ, వాటి సంగతి మనకన్నా బాగా తెలిసిన ఒక చిన్న పెట్టె గురించీ మనవి చేస్తాను.

ఇంట్లో వచ్చే చిక్కులు రెండు రకాలు. కుళాయి గొట్టం పూడుకుపోవడం ఒకటి, కరెంటు చెడిపోవడం మరొకటి. గుండెపోటు మొదటి రకం. గుండె కండరానికే నెత్తురు తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడుతుంది. ఛాతీ బిగదీసినట్టు నొప్పి, చెమటలు, ఆయాసం. కాని సాధారణంగా మనిషి తెలివిలోనే వుంటాడు. "అబ్బే, గ్యాసు. సోడా తాగితే అదే పోతుంది" అని మనకే ధైర్యం చెబుతాడు కూడా. ఆయన ధైర్యం నమ్మకుండా తక్షణం ఆస్పత్రికి చేర్చాలి.

రెండోది కరెంటు చిక్కు. మాట్లాడుతూ మాట్లాడుతూ మనిషి కూలిపోతాడు. పిలిస్తే పలకడు, కుదిపితే కదలడు. మొదటి చిక్కు ముదిరి రెండోదానికి దారి తీయవచ్చు. కాని యే పోటూ లేకుండా, అంతవరకు నిక్షేపంగా వున్నవాడికి కూడా రెండోది రావచ్చు.

గుండెలో కరెంటేమిటంటారా? వుంది. కుడి కర్ణిక పైభాగాన చిన్న కణాల గుంపు ఒకటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు "లయారంభకం." యెవరు కల్పించారో గాని చక్కని మాట. అది నిమిషానికి 60 నుంచి 100 సార్లు సన్నని విద్యుత్ సంకేతం పంపుతుంది. ఆ సంకేతం కర్ణికల మీదుగా కిందనున్న జఠరికలకు పాకుతుంది. కండరమంతా ఒక్క పట్టున ముడుచుకుంటుంది. నెత్తురు ముందుకు పోతుంది.

మన వూళ్లలో రథం లాగడం చూశారు గదా? మోకు పట్టుకున్నవాళ్లు వందమంది. ముందునున్న పెద్ద "గోవిందా!" అంటాడు. అందరూ ఒక్కసారి గుంజుతారు. రథం కదులుతుంది. ఇప్పుడు ఆ వందమందీ పెద్ద మాట వినడం మానేసి, యెవడికి తోచినప్పుడు వాడు, యెవడికి తోచిన దిక్కుకు వాడు గుంజడం మొదలుపెట్టారనుకోండి. చెమటలు కారుతాయి, కేకలు మిన్నంటుతాయి, రథం అంగుళం కదలదు. హఠాత్తుగా కూలిపోయిన మనిషి గుండెలో చాలాసార్లు మొదట జరిగేది ఇదే. ఇంగ్లీషు వైద్యంలో దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె ఆగలేదు, అదురుతోంది. కండరంలో ప్రతి పోగూ కష్టపడుతూనే వుంది. నెత్తురు మాత్రం చుక్క కదలడం లేదు.

నెత్తురు అందకపోతే కొద్ది సెకన్లలో తెలివి పోతుంది. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. యే సహాయమూ లేకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతుల చొప్పున తరిగిపోతుందని వైద్యుల లెక్క. పది నిమిషాలు గడిచాయంటే మిగిలేది యేపాటో మీరే లెక్క కట్టుకోండి.

ఆ గలభాలో యేం చేస్తే రథం కదులుతుంది? యెవరో ఒకరు గట్టిగా "ఆపండి!" అని గద్దించాలి. అందరూ ఒక్కసారి మోకు వదిలెయ్యాలి. ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు పెద్ద గొంతు మళ్లీ వినిపిస్తుంది. డీఫిబ్రిలేటరు అనే యంత్రం ఛాతీ మీద ఇచ్చే విద్యుత్ ఘాతం ఆ గద్దింపే. అది గుండెను నడిపించదు. అదురును ఆపుతుంది, అంతే. ఆ క్షణంలో లయారంభకం తన పని తాను అందుకుంటుంది.

సినిమాలు మనకి దీన్ని తలకిందులుగా నేర్పాయి. తెర మీద గీత తిన్నగా సాగిపోతుంది, డాక్టరు రెండు ఇస్త్రీపెట్టెల్లాంటివి రుద్ది ఛాతీకి ఆనిస్తాడు, హీరో తల్లి లేచి కూర్చుంటుంది. నిజానికి గీత తిన్నగా వున్నప్పుడు, అంటే మోకు దగ్గర మనిషే లేనప్పుడు, గద్దించి ప్రయోజనం లేదు. అప్పుడు మంచి యంత్రం యేదీ ఘాతం ఇవ్వదు.

ఈ విద్య పుట్టుక కూడా చిత్రమైనదే. 1775లో డెన్మార్కు పశువైద్యుడు ఆబిల్‌గార్డ్ కోళ్ల తల మీద విద్యుత్తు ప్రయోగించి పడగొట్టి, ఛాతీ మీద ప్రయోగించి లేపాడు. 1899లో జెనీవాలో ప్రెవో, బతెల్లీ అనే ఇద్దరు, చిన్న ఘాతం కుక్క గుండెను అదిరిస్తుందనీ, పెద్ద ఘాతం ఆ అదురును ఆపుతుందనీ చూశారు. 1947లో అమెరికాలో క్లాడ్ బెక్ అనే శస్త్రవైద్యుడు ఆపరేషను బల్ల మీద 14 యేళ్ల కుర్రవాడి తెరిచిన ఛాతీలో గుండెకే నేరుగా విద్యుత్తునిచ్చి బతికించాడు. ఛాతీ కోయకుండా పైనుంచే ఇవ్వవచ్చునని 1956లో పాల్ జోల్ చూపించాడు. 1965లో బెల్‌ఫాస్టులో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే యంత్రం తయారుచేసి, రోగి యింటికే తీసుకుపోవచ్చునన్నాడు. దాని బరువు 70 కిలోలు.

బరువు తగ్గించడం పెద్ద కష్టం కాలేదు. అసలు చిక్కు మరొకటి: ఘాతం ఇవ్వాలో వద్దో యెవరు తేల్చాలి? గుండె గీతలు చదవడం డాక్టరు విద్య. పడిపోయినవాడి పక్కన వుండేవాడు భార్యో, కండక్టరో, టీకొట్టు కుర్రవాడో. అంచేత గీతలు చదివే విద్యను కూడా యంత్రానికే నేర్పారు. "ఏ.ఇ.డి." అనే పేరులో మొదటి అక్షరానికి అర్థం అదే: తానుగా తేల్చుకునేది. ఇప్పుడు దాని బరువు రెండు మూడు కిలోలు.

అలాంటిది ఒకటి మా కాలేజీకి పాత విద్యార్థులు కొనిచ్చారు. సభ జరిగింది, దండలు పడ్డాయి, ఫోటో తీశారు. మర్నాడు పెట్టె స్టాకు రిజిస్టరెక్కి ఆఫీసు బీరువాలోకి వెళ్లింది. బీరువాకి తాళం. తాళంచెవి గుమాస్తాగారి జేబులో. మధ్యాహ్నం ఒంటిగంటకి గుమాస్తాగారు భోజనానికి ఇంటికి వెళతారు, జేబు కూడా వెళుతుంది.

ఫిజిక్సు చెప్పే మిత్రుడు చేతిగడియారం వున్న మనిషి. "రండి మాస్టారూ, లెక్క చూద్దాం" అని నన్ను మైదానం చివరికి తీసుకుపోయాడు. అక్కడ యెవరో కూలిపోయారనుకుని ఆఫీసుకి పరుగెత్తాం. తాళంచెవి అడిగాం. "యెందుకూ?" అన్నారు. చెప్పాం. "ప్రిన్సిపాలుగారికి ఒక మాట చెప్పి..." అన్నారు. పెట్టెతో మైదానానికి తిరిగి వచ్చేసరికి 11 నిమిషాలు. నూటికి పది వంతుల చొప్పున తీసివేసుకుంటూ పోతే మా ఊహారోగి దక్కేవాడు కాదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టంటారు. మాది తవ్వి వుంచిన బావే. మూతకి తాళం వేశాం.

స్టాఫు మీటింగులో మాట పెట్టాం. "బయట పెడితే యెవడన్నా యెత్తుకుపోతే?" అన్నారు గుమాస్తాగారు. ఆయన్ని తప్పు పట్టను, రిజిస్టరులో సంతకం ఆయనది. "యెత్తుకుపోతే పెట్టె పోతుంది. వేళకి అందకపోతే మనిషి పోతాడు. యే పోకకి మీరు జవాబు చెప్పగలరు చెప్పండి" అన్నాడు మిత్రుడు. గుమాస్తాగారు కాసేపు ఆలోచించి, జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. ఇప్పుడు పెట్టె వరండాలో, గంట వేలాడే స్తంభానికి వుంది. తాళం లేదు. ప్రతి సోమవారం దాని పచ్చదీపం వెలుగుతోందా లేదా అని చూసేది గుమాస్తాగారే. బ్యాటరీకీ, పట్టీలకీ గడువు తేదీలుంటాయి. వాటిని యెర్ర సిరాతో రాసుకున్నారు.

పెట్టె ఇంగ్లీషులో మాట్లాడుతుంది. దాని మాటలు తెలుగులో రాసి పక్కన అంటించే పని నాకు వచ్చింది. చాలా గ్రంథాలు చదివాను గాని, ఇంత పొదుపైన వచనం తక్కువగా చూశాను. సంధులు లేవు, సమాసాలు లేవు, అన్నీ ఆజ్ఞలే. నేను రాసింది ఇది:

"మీట నొక్కండి. ఛాతీ మీది బట్ట తీయండి. బొమ్మలో చూపినట్టు పట్టీలు అంటించండి. యెవరూ తాకవద్దు, పరీక్ష జరుగుతోంది. ఘాతం అవసరమంటే, దూరం జరిగి, వెలిగే మీట నొక్కండి. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి."

పట్టీలు రెండు. ఒకటి కుడివైపు మెడయెముక కింద, రెండోది యెడమవైపు చంక కింద, పక్కటెముకల మీద. గుండె రెంటి మధ్యకీ వస్తుంది. ఛాతీ తడిగా వుంటే తుడిచి అంటించాలి. అవే పట్టీలు ముందు గుండె గీతను వింటాయి, తరవాత ఘాతాన్ని మోస్తాయి. వినేటప్పుడు మనం తాకితే గీత చెదురుతుంది, ఇచ్చేటప్పుడు తాకితే మనకి తగులుతుంది. అంచేతనే ఆ నాలుగో వాక్యం.

ఇంత చిన్న బ్యాటరీలో అంత బలం యెక్కడిదని మిత్రుణ్ని అడిగాను. "బొట్టు బొట్టుగా కుండ నింపి, ఒక్కసారి గుమ్మరించడమేనండీ" అన్నాడు. లోపల కెపాసిటర్ అనే భాగం బ్యాటరీ నుంచి కొద్ది సెకన్లు విద్యుత్తును కూడబెట్టుకుని, రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో వదిలేస్తుంది. పెద్దవాళ్లకి సాధారణంగా మొదటి ఘాతం 150 నుంచి 200 జౌళ్లు. 20 కిలోల బియ్యం బస్తా నేల మీంచి నడుమెత్తుకి లేపే శ్రమ యెంతో, ఇంచుమించు అంతే. కాని ఆ శ్రమంతా సెకనులో నూరో వంతు, యాభయ్యో వంతు కాలంలో, వెయ్యి వోల్టులు దాటిన వొత్తిడితో ఛాతీ గుండా పోతుంది. ఇప్పటి యంత్రాలు విద్యుత్తును ముందు ఒక దిక్కుకు, వెంటనే యెదురు దిక్కుకు పంపుతాయి. అట్లా చేస్తే తక్కువ బలంతోనే అదురు ఆగుతుంది.

"పొరబాటున మంచి గుండె మీద నొక్కేస్తే?" అని ఒక విద్యార్థిని అడిగింది. అందరి మనస్సులోనూ వున్న భయం అదే. నొక్కినా యేమీ కాదమ్మా. గుండె అదురుతోందనో, ప్రాణం తీసేంత వేగంతో కొట్టుకుంటోందనో తాను చదివి తేల్చుకుంటే తప్ప పెట్టె ఘాతం వదలదు. నిర్ణయం దానిది. మనం చెయ్యవలసింది దాన్ని తెచ్చి, పట్టీలు అంటించి, అడిగినప్పుడు మీట నొక్కడం.

పామరులకి ఇది సాధ్యమా అన్న ప్రశ్నకి జవాబు యెప్పుడో వచ్చింది. 1999లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. బొమ్మ మనిషిని పడుకోబెట్టి, యే శిక్షణా లేని ఆరో తరగతి పిల్లల చేతికి యీ పెట్టె ఇచ్చారు. ఘాతం ఇచ్చేసరికి పిల్లలకు సగటున 90 సెకన్లు పట్టింది. ఆ విద్యలో ఆరితేరిన అంబులెన్సు సిబ్బందికి పట్టింది 67 సెకన్లు. తేడా 23 సెకన్లే! ఆ యేడే షికాగో విమానాశ్రయాల్లో గోడలకి యీ పెట్టెలు తగిలించారు. రెండేళ్లలో 18 మంది గుండె అదిరి పడిపోతే 11 మందిని బతికించారు. వారిలో ఆరుగురికి పెట్టె వాడినవాళ్లకి, దాన్ని వాడడంలో అంతకు ముందు శిక్షణ గాని అనుభవం గాని లేదు. లాస్ వేగాస్ జూదశాలల్లో కాపలాదార్లకి వీటిని ఇచ్చి చూసిన లెక్క 2000లో వెలువడింది. యెదురుగా పడిపోయినవాళ్లలో మూడు నిమిషాల లోపు ఘాతం అందినవారు నూటికి 74 మంది బతికారు. ఆలస్యమైనవారిలో 49 మంది. జూదంలో అదృష్టం యెవరికి వరించిందో గాని, ప్రాణం విషయంలో గెలిపించింది గడియారమే.

2021 జూన్ 12న కోపెన్‌హేగెనులో ఫుట్‌బాల్ ఆడుతూ క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిపోవడం లోకమంతా చూసింది. మైదానంలోనే ఛాతీ నొక్కారు, ఘాతం ఇచ్చారు. అతను లేచాడు. మరుసటి యేడు మళ్లీ ఆడాడు.

"అవన్నీ ఆ దేశాల మాటలు. మా వూళ్లో పెట్టె యెక్కడిది?" అంటారు. న్యాయమైన మాటే. కాని పెట్టె లేనిచోట చేతులున్నాయి. 1960లో అమెరికాలో కూవెన్‌హోవెన్ అనే ఇంజనీరూ, ఆయనతో పనిచేసిన వైద్యులూ ఒక సంగతి ప్రకటించారు. యీ యంత్రాల మీద ప్రయోగాలు చేస్తుండగా, బరువైన పలకలు ఛాతీకి గట్టిగా అదిమినప్పుడల్లా నెత్తురు కొంచెం కదులుతోందని వాళ్లు గమనించారు. అయితే చేత్తోనే అదిమితే? అట్లా పుట్టింది ఛాతీ నొక్కే విద్య. పెట్టెకీ చేతికీ పుట్టిల్లు ఒకటేనన్నమాట.

అది నేర్చుకోవడం యెంతసేపు? మనిషి పలకకపోతే, మామూలుగా ఊపిరి తీయకపోతే, ఒకరు 108కి ఫోను చెయ్యండి, ఒకరు పెట్టె కోసం పరుగెత్తండి. ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని, ఛాతీ నడిమధ్య అరచెయ్యి ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా గట్టిగా నొక్కండి. అయిదారు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా లేవనివ్వండి. అలిసిపోతే పక్కవారికి అప్పగించండి. అదిరే గుండె దీనితో సాధారణంగా కుదుటపడదు గాని, మెదడుకి ఆ కాస్త నెత్తురూ అందుతుంది. పెట్టె వచ్చేదాకా, అంబులెన్సు వచ్చేదాకా నిమిషాలు నిలుస్తాయి.

ఒక్క హెచ్చరిక. ఇట్లా పడిపోయినవాళ్లలో కొందరు మొదటి నిమిషాల్లో నోరు తెరిచి, ఆగి ఆగి, గురకలా గాలి గుంజుతారు. చూసేవారు "ఊపిరి ఆడుతోంది లెండి" అని నిశ్చింతపడతారు. అది ఊపిరి కాదు. మన పెద్దలు దానికి సరైన మాట యేనాడో పెట్టారు: ఎగశ్వాస. కాని ఆ మాట వినగానే మనకి అలవాటైన పని తులసితీర్థం తేవడం. పండిన వయస్సులో, దీర్ఘరోగంతో సెలవు తీసుకుంటున్న తాతగారికి అది తగిన మర్యాద. ఇప్పటిదాకా నవ్వుతూ తిరిగి హఠాత్తుగా కూలినవాడికి మాత్రం గొంతులో తీర్థం పోయకండి. అతనికి ఎగశ్వాస వీడ్కోలు కాదు, పిలుపు. ఛాతీ మీద చేతులు వెయ్యండి.

యీ వారం పాఠకులకి రెండు చిన్న పనులు. మీరు పనిచేసే చోట, మీ పిల్లలు చదివే చోట, మీరు రైలెక్కే చోట యీ పెట్టె వుందా అని అడగండి. వుంటే తాళం యెవరి జేబులో వుందో కూడా అడగండి. రెండోది మాట సంగతి. యెదుట యెవరైనా కూలినప్పుడు "గుండె ఆగిపోయింది" అని మీ చుట్టూ వున్నవారు అంటే దయచేసి దిద్దండి. "ఆగలేదేమో, అదురుతోందేమో, పట్టండి" అనండి. ఇరవై యేళ్లుగా విద్యార్థుల మాటలు ఒంటరిగా దిద్దుతున్నాను. యీ ఒక్క మాట దిద్దడానికి మీ అందరి సాయం కావాలి.